కొళాయి పన్ను పెంపు – మన కర్తవ్యము

(పట్టణ పఠనాలయమున జరిగిన పౌరసభయందలి ఉపన్యాస పాఠము)



గడచిన వారము మన పట్టణ ప్రముఖులు కొందరు మా కార్యాలయమునకు విచ్చేసి మా బల్లపై ఒక వకాల్తునామా నుంచిరి. పురపాలక సంఘమువారు కొళాయి రేట్లను పెంచదలచి తీర్మానమును సిద్ధపరచుచున్నారనియు, దానిని న్యాయస్థానమున నెదుర్కొనవలసినదనియు, ఫీజు ఎంతైనను చందాలు వేసి చెల్లింతుమనియు వారు చెప్పిరి. మేము ఆ వకాల్తును పుచ్చుకొనలేదు. వారు ఆశ్చర్యపడిరి, ఒకరిద్దరు నొచ్చుకొనిరి. “ప్రజలపక్షమున నిలుచు మీరే ఇట్లన్నచో ఇక మాకు దిక్కెవరు?” అని ఒక వృద్ధుడు ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు గుమ్మమునొద్ద నాలుగు మాటలు చెప్పి పంపివేయుట మర్యాద కాదని తోచినది. అందుచేతనే నేడు మీ యెదుట నిలిచితిమి.

మా అభిప్రాయమును దాచక ముందుగనే చెప్పెదము. నీటి రేటు పెంపవలసినదే. కాని మన సమ్మతి లేక, లెక్క చూపక, నియమములకు కట్టుబడక పెంచుటకు వీలులేదు. ఈ రెండు మాటలలో మొదటిది మన మిత్రులకు రుచింపదు. రెండవది కౌన్సిలువారికి రుచింపదు. అయినను రెండును ఒకే సత్యమునకు చెరియొక పార్శ్వము. ఒకదానిని విడిచి ఒకదానిని పట్టుకొన్నందుననే మన పట్టణముల నీటి వ్యవహారము ఇంత దుర్దశకు వచ్చినదని మా విశ్వాసము.

మనది పన్నుకు ఎదురు తిరిగిన గడ్డ. చీరాల–పేరాల గాథను ఈ పఠనాలయమున చదువని వారెవ్వరు? ఆనాటి మద్రాసు ప్రభుత్వము 1919లో ప్రజల ఇష్టమునకు విరుద్ధముగా ఆ జంట గ్రామములను మునిసిపాలిటీగా మార్చెను. నాలుగువేల రూపాయలుగా నుండిన పన్ను నలుబదివేలకు పెరిగినదని చరిత్రకారులు వ్రాసిరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. పిమ్మట ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనము తమ యిండ్లకు తాళములు వేసి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి పదునొకండు మాసములు కాపురముండిరి. ఇంతటి త్యాగము చేసినవారి వారసులమైన మనము నేడు “పన్ను పెంచుడు” అని చెప్పుట ఎట్లు పొసగును?

మంచి ప్రశ్నయే. కాని చీరాల ప్రజలు నిరాకరించినది దేనిని? శుభ్రమైన వీథినా? మంచినీటినా? కాదు. తమ సమ్మతి లేకయే తమపై మోపిన అధికారమును వారు నిరాకరించిరి. పన్ను వేయు హక్కు పన్ను కట్టువాని అంగీకారమునుండియే పుట్టవలెననునది వారి సిద్ధాంతము. నేటి స్థితి వేరు. 74వ రాజ్యాంగ సవరణము 1993 జూనులో అమలునకు వచ్చినది. దానితో చేరిన పండ్రెండవ షెడ్యూలునందు గృహములకును, పరిశ్రమలకును, వర్తకమునకును నీరు సరఫరా చేయుట పురపాలక సంఘములకు అప్పగింపదగిన విధులలో నొకటిగా స్పష్టముగా చెప్పబడినది. కౌన్సిలు మన ఓటునుండి పుట్టిన సంస్థ. బిడ్డ తప్పు చేసిన చెవి మెలిపెట్టవచ్చును, అన్నము పెట్టుట మాని, “వీడు చిక్కిపోవుచున్నాడేమి?” అని తిట్టుట మాత్రము ధర్మము కాదు. మనము ఇన్నాళ్లుగా చేయుచున్నది అదియే.

ఇక మన వీథులకు వత్తము. తెల్లవారుజామున నాలుగు గంటలకు మన పేటలలో ఒకసారి నడచి చూడుడు. ఆడుబిడ్డలు బిందెలు వరుసగా పెట్టుకొని, నిద్ర చాలని కన్నులతో కొళాయి దెస చూచుచు కూర్చుందురు. నీరు వచ్చునది గంటయో, గంటన్నరయో. మేడల వారు కొళాయి గొట్టమునకే మోటారు బిగించి లాగుదురు. చివరి యింటివాని కొళాయినుండి గాలి బుసబుస మనును. మా సేవాదళ మిత్రులతో కూడి వేసవి దినములలో మేము ఈ దృశ్యమును అనేక పర్యాయములు చూచితిమి. కొళాయి రేటు చౌకయని సంతోషించు మిత్రులారా! ఆ చౌకకు మిగిలిన వెలను చెల్లించుచున్నది ఆ ఆడుబిడ్డల నిద్ర కాదా?

నిద్రయే కాదు, ప్రాణములు కూడ చెల్లుచున్నవి. దీని కారణమును మీరు బాగుగా గ్రహింపవలెను. గొట్టములో నీరు రేయింబవళ్లు ఒత్తిడితో నిండియున్నంతవరకు, ఎక్కడనైన చిల్లియున్నను నీరు వెలుపలికి చిమ్మునే గాని వెలుపలి మురుగు లోనికి రాదు. సరఫరా నిలిపిన తోడనే గొట్టము ఖాళియగును. అప్పుడు ప్రక్కనున్న మురుగు కాలువలోని మలినజలము ఆ చిల్లి గుండనే లోనికి చేరును. మరునాడు కొళాయి విప్పినప్పుడు మొదట వచ్చునది అదియే. మోటారు బిగించి లాగినచో ఈ కీడు ఇనుమడించును. కొళాయి చివరను లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని నియమమున్నది; ఇంత మురుగు కలిసినచోట ఆ కొంచెము క్లోరిను ఎంతసేపు నిలుచును? 2009 మేలో హైదరాబాదునందలి భోలక్‌పూరులోను, 2018 మార్చిలో గుంటూరులోను త్రాగునీటిలో మురుగు కలిసి అతిసారము ప్రబలి పలువురు మృతినొందిరి. మరణించినవారిలో మేడలవారెందరు, పేదలెందరు అని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ భయముచేతనే నేడు వీథివీథిని నీటి డబ్బాల వ్యాపారము వర్ధిల్లుచున్నది. ఇరువది లీటర్ల డబ్బా పది రూపాయలే అనుకొందము. కిలోలీటరనగా వేయి లీటర్లు; అనగా ఏబది డబ్బాలు; అనగా అయిదువందల రూపాయలు. దినమునకొక డబ్బా కొను కూలివాని కుటుంబము నెలకు మూడువందల రూపాయలిచ్చి ఆరువందల లీటర్లను మాత్రమే పొందుచున్నది. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎన్.టి.ఆర్. సుజల పథకమున ఇరువది లీటర్లు రెండు రూపాయలకు ఇయ్య నారంభించినప్పుడు అది మిక్కిలి చౌకయని అందరు మెచ్చుకొనిరి. ఆ మెచ్చుకొన్న ధర కూడ కిలోలీటరునకు నూరు రూపాయలు! మున్సిపల్ కొళాయికి ఆ రేటు ఎవరైన వేసినచో మనము ఊరేగింపులు తీయమా? పేదవాడు నీటికి వెల చెల్లింపలేడని వాదించు మనము, పేదవాడు ఇప్పటికే అందరికంటె ఎక్కువ వెల చెల్లించుచున్నాడను సంగతిని చూడకున్నాము. ఆ సొమ్ము డబ్బాల అంగడికి పోవుచున్నది. కొళాయిని బాగుచేయుటకు మాత్రము చేరుటలేదు.

“నీరు దైవదత్తము, దానిని అమ్మరాదు, చలివేంద్రములు పెట్టిన జాతి మనది” అని ఒక మిత్రుడు మాతో అనెను. ఆ మాట మాకును ప్రియమైనదే. కాని చలివేంద్రపు కుండలోనికి నీరు తానై నడచివచ్చుటలేదు. కుండకు వెల యెవరో యిచ్చిరి; పందిరి యెవరో వేయించిరి; నీరు పోయు అవ్వకు కూలి యెవరో చెల్లించిరి. త్రాగువానికి ఉచితము, పెట్టువానికి వ్యయము. మన పూర్వులు ఈ భేదమును ఎరుగుదురు. రాయలసీమలో చెరువుల త్రవ్వకమునకును, మరమ్మతునకును దశబంధపు ఇనాములుగా భూముల నిచ్చిరి. ఊరి నీరుగంటికి పంటకాలమున రైతులందరు మేర కొలిచియిచ్చిరి. చెరువు తెగిన పిమ్మట ఏడ్చుట కాక, తెగకుండునట్లు ఏటేట వ్యయము చేయుట వారి నీతి. నీరు దైవమిచ్చినదే, గొట్టము మాత్రము దైవమిచ్చినది కాదు.

ఈ వ్యయము పూర్వమున్నంత స్వల్పముగా నేల ఉండదో హైదరాబాదు చరిత్ర చక్కగా తెలుపుచున్నది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలకొలది జనమును పొట్టను పెట్టుకొనెను. పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి సలహా అడిగెను. వరదను ఆపుటకును, నగరమునకు త్రాగునీరిచ్చుటకును ఉపయోగపడునట్లు ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఆ జలాశయములు నగరముకంటె ఎత్తున నుండుటచేత నీరు తన బరువుచేతనే పల్లమునకు ప్రవహించి నగరమును చేరెను. ఎత్తిపోతకు ఖర్చు లేదు. నగరము పెరిగెను. 1965 నుండి మంజీర జలములు వచ్చెను. అవియు చాలక 2004లో నాగార్జునసాగరమునుండి కృష్ణాజలమును, 2015లో ఎల్లంపల్లినుండి గోదావరిజలమును తెచ్చుకొనవలసివచ్చెను. కృష్ణ నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండియు, గోదావరి నూట ఎనుబది కిలోమీటర్లకు పైబడిన దూరమునుండియు వచ్చుచున్నవి.

దూరముకంటె ఎత్తు భారమైనది. నాగార్జునసాగరపు నిండు మట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. హైదరాబాదు నగరము దానికంటె వేయి అడుగులకు మించిన ఎత్తున నున్నది. కిలోలీటరు నీరు సరిగా టన్ను బరువు. దానిని అంత ఎత్తునకు లేపుటకు యంత్రముల నష్టమును, గొట్టములలోని ఘర్షణను లెక్కింపకయే సుమారు ఒక యూనిటు విద్యుత్తు పట్టును. వానిని కలిపినచో ఇంకను ఎక్కువ. ఒక గృహస్థుడు కొళాయి విప్పి ఒక టన్ను నీరు పట్టుకొనునంతలో ఈ విద్యుత్తు ఖర్చయిపోవుచున్నది. శుద్ధి చేయు ఖర్చు, జీతములు, గొట్టముల అరుగుదల వేరు.

ఇట్టి నగరమునందు 2020 నగరపాలక ఎన్నికల వేళ గృహమునకు నెలకు ఇరువది కిలోలీటర్లు ఉచితమని వాగ్దానము చేయబడి, 2021 జనవరిలో ఆ పథకము ఆరంభమయ్యెను. మేము ఏ పక్షమును నిందించుటకు ఈ సంగతి యెత్తలేదు. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున అయిదుగురి కుటుంబమునకు నెలకు కావలసినది దాదాపు ఇరువది కిలోలీటర్లే. కనుక ఆ సంఖ్య ఊరక పుట్టినది కాదు. దానికి మీటరుతో ముడిపెట్టుట మంచి పని కూడ. కాని ఉచితమనగా వ్యయము లేదని అర్థము కాదు. ఆ వ్యయము మరియొక పద్దున వ్రాయబడినదని అర్థము. ఆ మరియొక పద్దునుండి సొమ్ము సకాలమున రాకున్నచో నష్టపడునది పంపు, వాల్వు, గొట్టము. అవి ఓట్లు వేయవు, సభలు పెట్టవు, ఊరక చెడిపోవును. అంతియే.

మన చిన్న పట్టణముల రోగము కూడ ఇదియే. కొత్త ట్యాంకు కట్టుటకు ఢిల్లీనుండియో, రాజధానినుండియో గ్రాంటు వచ్చును. 2015లో ఆరంభమైన అమృత్ పథకము వంటివి అట్టివి. వానివలన మేలు జరుగలేదని మేము చెప్పము. ట్యాంకునకు శంకుస్థాపనము జరుగును, శిలాఫలకము వెలయును, పూలదండలు పడును. కాని అరిగిన వాల్వును మార్చిన దినమున శిలాఫలకము ఎవరు పెట్టుదురు? ముప్పది సంవత్సరములనాటి గొట్టమును త్రవ్వి తీసి క్రొత్తది వేసినవానికి పూలదండ ఎవరు వేయుదురు? కట్టుటకు కీర్తి యున్నది. కాపాడుటకు కీర్తి లేదు. కీర్తి లేని పనికి నిధి కావలెనన్న అది ఊరివారి చేతినుండియే రావలెను. పిండికొద్దీ రొట్టె.

“సొమ్ము లేదు, ఏమి చేయుదుము?” అను సాకు చట్టము ముందు చెల్లదని కౌన్సిలువారు ఎరుగవలెను. మధ్యప్రదేశమునందలి రత్లాము పురవాసులు తమ వీథిలోని మురుగు కాలువల దుర్భరస్థితిపై న్యాయస్థానమునకు పోయిరి. నిధులు లేవని మునిసిపాలిటీ వాదించెను. 1980లో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. తీర్పు చెప్పినవారు జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ గారు. ప్రజారోగ్యమును కాపాడు విధికి దారిద్ర్యము మినహాయింపు కాదని ఆ తీర్పు సారాంశము. న్యాయవాదిగా మేము ఆ తీర్పును ఎన్నిసార్లు చదివినను మాకొక ఆలోచన తప్పదు: సొమ్ము లేదను సాకును కోర్టు త్రోసివేయగలదు గాని సొమ్మును పుట్టింపలేదు. దానిని పుట్టింపవలసినవారము మనమే.

ఇప్పుడు మిత్రుల యొక్క బలమైన ఆక్షేపణకు వత్తము. “ముందు కారుచున్న నీటిని ఆపుమనుడు, దొంగ కొళాయిలను కోయుమనుడు, పెద్దల బకాయిలు వసూలు చేయుమనుడు, అటుపిమ్మట మమ్ము అడుగుమనుడు. చిల్లికుండలో ఎంత పోసినను నిలుచునా?” అని వారు అనుచున్నారు. ఈ ఆక్షేపణలో మూడుపాళ్లు న్యాయమున్నది. మన దేశపు నగరములనేకములలో సరఫరాయగు నీటిలో మూడవ వంతునకు మించి బిల్లునకు ఎక్కకయే పోవుచున్నది. కాని చిల్లి పూడ్చుటకు కూడ లక్కయు, పనివాడును కావలెను గదా! రెండు పనులును జంటగా చేసి చూపిన ఒక నగరము మన ఆసియాలోనే కలదు. అది కాంబోడియా రాజధానియైన నామ్ పెన్.

యుద్ధములచేతను, మారణకాండచేతను చితికిపోయిన ఆ నగరమున 1993లో నీటిలో నూటికి 72 వంతులు కారియో, దొంగిలింపబడియో పోవుచుండెను. ఆ సంవత్సరమున నీటిసంస్థకు అధిపతియైన ఏక్ సొన్ చాన్ అను ఇంజనీరు మూడు పనులకు పూనుకొనెను. లంచగొండి ఉద్యోగులను తొలగించెను. ప్రతి కొళాయికి మీటరు పెట్టించెను. చిన్న పెద్ద అను భేదము లేక బిల్లు వసూలు చేసెను. ఒక సేనాపతి ఇంటికి మీటరు బిగింపబోయినప్పుడు అతడు తుపాకి చూపి బెదరించెననియు, అయినను ఆయన వెనుదీయలేదనియు ఆ సంస్థ చరిత్రలో చెప్పుకొందురు. రేట్లను మూడు మెట్లుగా పెంచుటకు ఏర్పాటు చేసికొనిరి. 1997లో ఒక మెట్టు, 2001లో రెండవ మెట్టు ఎక్కిరి. మూడవ మెట్టు ఎక్కవలసిన పని లేకపోయెను. ఏలన, కారుట తగ్గి, వసూలు పెరిగి, సంస్థ తన కాళ్లపై తాను నిలిచెను. నష్టము కొన్ని సంవత్సరములకు నూటికి ఆరు వంతుల దరికి దిగెను. నీరు రేయింబవళ్లు వచ్చెను. పేదలకు కొళాయి వేయించుకొను ఖర్చులో రాయితీలిచ్చిరి. 2006లో ఆయనకు రామన్ మెగసెసే బహుమానము లభించెను.

ఈ కథలో నీతి యేమి? రేటు పెంచుటకును చిల్లి పూడ్చుటకును వైరము లేదు. మొదటి రెండు మెట్లను ప్రజలు మోసిరి. అందుచేతనే మూడవ మెట్టు తప్పినది. పెంచిన సొమ్ము చిల్లికి చేరినదని కంటితో చూచిన ప్రజ మరల ఇచ్చుటకు వెనుదీయదు.

నమ్మకము లేనిచోట ఏమి జరుగునో కూడ చెప్పవలెను. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున కొచబాంబ నగరపు నీటి సరఫరాను ఒక విదేశీ వర్తక సంఘమునకు అప్పగించి, 2000 సంవత్సరారంభమున రేట్లను ఒక్క పెట్టున పెంచిరి. నగరమెల్ల వీథులకెక్కెను, ఏప్రిలునాటికి ప్రభుత్వము ఆ ఒప్పందమును రద్దు చేయవలసివచ్చెను. అంత దూరమేల? ఆంధ్రదేశమున 2021లో ఇంటింటి చెత్త సేకరణకు విధించిన రుసుమును జనము “చెత్తపన్ను” అని ఎట్లు ఈసడించుకొనిరో, 2024 అక్టోబరు 2వ తేదీన బందరున దాని రద్దును ఎట్లు ప్రకటింపవలసివచ్చెనో మీరెరుగుదురు. పై ప్రభుత్వములు అప్పుల అనుమతికి సంస్కరణలను ముడిపెట్టి, “పెంచుడు” అని ఉత్తరువులు పంపినంతమాత్రమున ప్రజలు సమ్మతింపరు. పైనుండి దిగిన పన్ను చీరాలనాటి పన్నే. క్రిందినుండి పుట్టిన పన్ను ఊరి చందా.

ఇక్కడ న్యాయశాస్త్రపు మాట ఒకటి చెప్పి మా నియమములకు వత్తము. పన్ను వేరు, రుసుము వేరు. పన్ను ఖజానాలో పడి దేనికైనను ఖర్చు కావచ్చును. రుసుము ఒక ప్రత్యేక సేవకు ప్రతిఫలము. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ భేదమును విశదపరచెను. తరువాతి తీర్పులలో ఆ నియమము కొంత సడలినను, దాని ప్రాణము పోలేదు. మనము ఇంటిపన్నుతో కలిపి కట్టు నీటిపన్ను ఎట్లున్నను, కొళాయి రేటు మాత్రము సేవకు ప్రతిఫలము. కావున నీటికని ఇచ్చిన రూపాయి నీటికే చేరినదని అడుగుట భిక్ష కాదు; హక్కు.

ఆ హక్కును పురస్కరించుకొని ఈ సభ కౌన్సిలువారికి పంపదగిన నియమములు అయిదు.

మొదటిది: నీటి పద్దు వేరుగా నుండవలెను. కొళాయిల వలన వచ్చినదెంత, విద్యుత్తునకు, మందులకు, జీతములకు, మరమ్మతులకు పోయినదెంత అను లెక్కను మూడు మాసములకొకసారి తెలుగులో అచ్చువేసి, ఈ పఠనాలయపు గోడకును, ప్రతి వార్డు కార్యాలయమునకును అంటింపవలెను.

రెండవది: పెంపువలన వచ్చు సొమ్ములో మొదటి యేటి భాగము చిల్లులకు, వాల్వులకు, మురుగు కాలువను తాకుచున్న గొట్టములకు ముందుగా వినియోగింపవలెను, క్రొత్త పేటల విస్తరణము దాని వెనుక రావలెను. ఏ వీథిలో ఏ గొట్టము మార్చిరో ఆ వీథివారి సంతకము తీసికొనవలెను.

మూడవది: మీటరు అందరికి. ప్రభుత్వ కార్యాలయములకును, హోటళ్లకును, కల్యాణమండపములకును, కౌన్సిలరుల ఇండ్లకును, మా ఇంటికిని ముందు బిగించి, పేదల పేటకు చివర పోవలెను. బకాయి పడిన పెద్దల పట్టిక కూడ ఆ గోడమీదనే వ్రేలాడవలెను.

నాలుగవది: పేద కుటుంబమునకు బ్రతుకుటకు కావలసినంత నీటికి పాత రేటే ఉండవలెను, ఎక్కువ వాడువానికి ఎక్కువ రేటు. క్రొత్త కొళాయికి కట్టవలసిన సొమ్మును వాయిదాలుగా పుచ్చుకొనవలెను. ప్రతి ఇంటికి కొళాయి చేరువరకు వీథి కొళాయిని ఒక్కదానిని కూడ తీసివేయరాదు.

అయిదవది: పది సంవత్సరములు నిద్రించి ఒక్కసారి నెత్తిన మోపుట మాని, ఏటేట స్వల్పముగా, వార్డు సభలలో చర్చించిన పిమ్మట, కౌన్సిలునందు బహిరంగముగా ఓటు తీసికొని పెంపవలెను. ఎవరు చెయ్యెత్తిరో, ఎవరు ఎత్తలేదో ప్రజలకు తెలియవలెను.

ఈ నియమములు కౌన్సిలుకు కష్టమైనవి కావు. కౌన్సిలునందలి సోమరితనమునకు కష్టమైనవి. వీనిని అంగీకరించినచో పెంపునకు మనము సమ్మతించుటయే కాదు, సేవాదళమువారము ఇంటింటికి పోయి మీటరు ఎందుకో చెప్పి రాగలము. గొట్టమునకు మోటారు బిగించిన మన మిత్రుల యిండ్లకు పోయి దండము పెట్టి విప్పింపగలము. స్వరాజ్యమనగా ఓటు వేసి ఇంటికి పోవుట కాదు. ఊరి వాల్వు చెడినదని తెలిసినప్పుడు, అది నా వాల్వు అని అనుకొనుట.

వకాల్తునామా తెచ్చిన పెద్దలకు ఒక్క మాట చెప్పి ముగింతుము. అయ్యలారా! మీ కాగితమును మేము చించివేయలేదు. మీరు బల్లపై విడిచిపోయిన దానిని బీరువాలో భద్రపరచితిమి. కౌన్సిలువారు ఈ అయిదు నియమములకు సమ్మతించి ఒక యేడు నడచినచో, ఆ కాగితము వెనుక వైపున మా నీటి బిల్లు లెక్కలు వ్రాసికొందుము. వారు సొమ్ము పుచ్చుకొని లెక్క దాచినచో, నీటి రూపాయిని పూలదండలకును శిలాఫలకములకును ఖర్చుచేసినచో, మీరు మరల రానక్కరలేదు. మేమే మీ యింటికి వచ్చి సంతకము తీసికొని, ఫీజు లేక, ఆ దావా నడిపింతుము. చీరాల మనకు నేర్పిన పాఠము పన్ను కట్టవద్దని కాదు. ఇచ్చునదియు, నిరాకరించునదియు మన చేతనే యుండవలెనని. నేడు ఇచ్చుటకు చేయి చాపుదము. లెక్క అడుగుటకు రెండవ చేయి చాపియే యుంచుదము.